ఆంగ్ల సమాసపదములు – వాని అక్షరవిభాగమును, ఊనికయు

మన విశాఖపట్టణమున పెరుగు బాలునకు ఆంగ్ల సమాసపదములు మొట్టమొదట పాఠ్యపుస్తకమున ఎదురగునవి కావు. అవి వీథిలోను, రేవులోను, పెద్దలు పనిచేయు కర్మాగారములోను వానికి ముందే వినబడుచుండును. యారాడ కొండమీద లైట్‌హౌస్ కలదు. రేవుముఖమున అలల నడ్డగించు బ్రేక్‌వాటర్ కలదు. ఓడలు కట్టు షిప్‌యార్డ్ కలదు. ఉక్కు కర్మాగారమున బ్లాస్ట్ ఫర్నేస్‌లును, కోక్ ఓవెన్‌లును కలవు. 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీని "జలదుర్గ" యను ఓడ మన రేవున ప్రవేశించినది. 1948 మార్చి 14వ తేదీని "జల ఉష" యను ఓడ మన నౌకానిర్మాణశాలనుండి నీటిలోనికి జాఱినది. 1992 ఆగస్టు 1వ తేదీని ఉక్కు కర్మాగారము జాతి కంకితమైనది. ఈ మూడు ఘట్టములతో మూడు తెఱగుల క్రొత్తమాటలు మన యిండ్లలోనికి వచ్చి స్థిరపడినవి.

ఈ మాటల యర్థమును మన విద్యార్థు లెఱుగుదురు. వర్ణక్రమమును తప్పులేక వ్రాయుదురు. అయినను పరదేశపు నావికునితోనో, అన్యరాష్ట్రపు అధికారితోనో ఆంగ్లమున మాటలాడునపుడు, తాము సరిగనే పలికితిమని తలంచిన మాటను అవతలివారు రెండవమాఱు అడుగుట కలదు. అట్లడిగినంతనే పిల్లవాడు తన వ్యాకరణమున లోపమున్నదని భ్రమపడి నోరు మూసికొనును. చదివినవాడు పలుకుటకు వెఱచి మౌనము వహించుటకంటె విద్యకు కలుగు నష్టము వేఱొకటి లేదు. నిజమునకు లోపము వ్యాకరణమున లేదు. మాటను అక్షరములుగా విడదీయుటలోను, ఆ యక్షరములలో దేనిమీద బలము నిలుపవలెనో యెఱుగుటలోను ఉన్నది. ఈ రెండును అభ్యాసముచే వచ్చునవే కాని జన్మముతో వచ్చునవి కావు. కావున వానిని గూర్చి మన నగరమున వినబడు మాటలనే ఉదాహరణములుగా గైకొని ఇచ్చట వివరింపదలచితిమి.

1. అక్షరమనగా నేమి?

తెలుగున అక్షరమను మాటకు రెండర్థములు కలవు. వ్రాయబడిన గుఱుతు ఒకటి. ఒక్క ఊపున పలుకబడు ధ్వనుల సముదాయము రెండవది. పద్యమునకు గణవిభాగము చేయునపుడు మనము రెండవ యర్థమునే గ్రహింతుము. ఇచ్చటను అదియే గ్రాహ్యము. ప్రతి యక్షరమునకు ఒక అచ్చు ప్రాణము. హల్లులు దాని కిరుప్రక్కల నిలుచు పరివారము.

మన భాషలోని మాటలు ప్రాయికముగా అజంతములు, అనగా అచ్చుతో ముగియునవి. ఆంగ్లపదములు పెక్కులు హలంతములు. హలంతమైన మాట మన నోట పడినంతనే దాని చివర ఒక ఉకారము చేరును. ఈ చేరికకు చక్కని నియమము కూడ కలదు. హల్లునకు ముందున్న అచ్చు దీర్ఘమైనచో ఉకారము మాత్రమే చేరును: రైలు, స్టీలు, కోటు. హ్రస్వమైనచో హల్లు ద్విత్వమై పిదప ఉకారము చేరును: బస్సు, షిప్పు, కప్పు. పాఠశాల నెన్నడును ఎఱుగని పల్లెవాడు సైతము ఈ నియమమును తప్పడు. భాష తన చట్టమును తానే కాపాడుకొనునని దీనివలన తెలియుచున్నది.

ఇందువలన అక్షరముల సంఖ్య మాఱును. స్టీల్ అనునది ఆంగ్లమున ఒక్క యక్షరము. స్టీలు అన్నచో రెండక్షరములు. ఇస్టీలు అన్నచో మూడు. లైట్‌హౌస్ రెండక్షరములు, లైటుహౌసు నాలుగు. బ్లాస్ట్ ఫర్నేస్ మూడక్షరములు, బ్లాస్టుఫర్నేసు అయిదు. తెలుగు వాక్యములో ఈ రూపములు దోషములు కావు, అవియే సాధురూపములు. కాని ఆంగ్లవాక్యమున వానినే పలికితిమేని, ఆంగ్లము మాతృభాషగా గలవాని చెవికి రెండక్షరముల మాటకు మాఱుగా నాలుగక్షరముల క్రొత్తమాట వినబడును. ఆ మాట వాని నిఘంటువున లేదు. అందుచేత అతడు మరల అడుగును.

2. సమాసపు కీలు

రెండు మాటలు కలిసి ఒక్క మాటయైనపుడు వాని నడుమ ఒక కీలు ఏర్పడును. సంస్కృతమునను తెలుగునను సంధికార్య మా కీలును కరగించివేయును. సూర్య, ఉదయ అను మాటలు కలిసి సూర్యోదయమైనపుడు "ర్యో" అను అక్షరము ఏ పదమునకు చెందినదని విడదీయ వీలులేదు. అది రెంటికిని చెందినది. ఆంగ్లసమాసమున సామాన్యముగా అట్లు కాదు. రెండు పదములును తమతమ ధ్వనులను తామే నిలుపుకొని కీలుకడ విడివిడిగా నిలుచును. కావున సమాసమును అక్షరములుగా విడదీయునపుడు మొదటి గీత కీలుకడనే పడవలెను.

లైట్‌హౌస్ అను మాటను చూడుడు. ఆంగ్లలిపిలో టకారమునకు గుఱుతైన వర్ణమును, హకారమునకు గుఱుతైన వర్ణమును ప్రక్కప్రక్కన నిలిచి, చూచువానికి థకారమును స్ఫురింపజేయును. కాని కీలు వాని నడుమనే యున్నది. లైట్ ఒక యక్షరము, హౌస్ మఱియొక యక్షరము. బోట్‌హౌస్, హాట్‌హౌస్ అను మాటలును ఇట్టివే. ఇట్లే అప్‌హిల్ అను మాటలో పకార హకారములను కలిపి ఫకారముగా చదువరాదు.

కీలు స్థానము మాఱినచో మాటయే మాఱిపోవును. నైట్రేట్ అనునది పొలములకు వేయు ఎరువులలో నుండు లవణము. నైట్‌రేట్ అనునది రాత్రివేళ విధింపబడు ధర. రెంటిలోను ధ్వనులు ఇంచుమించుగా నవియే. మొదటిదానిని నై-ట్రేట్ అనియు, రెండవదానిని నైట్-రేట్ అనియు విడదీయవలెను. ఐస్-క్రీమ్ అన్నచో చల్లని తినుబండారము. ఐ-స్క్రీమ్ అన్నచో "నేను కేక వేయుదును" అను వాక్యము. ఈ భేదమును మన తెలుగు లిపి ఆంగ్లలిపికంటె స్పష్టముగా చూపగలదు. ఏలయన మన లిపి అక్షరములను వ్రాయును. ఆంగ్లలిపి వర్ణములను మాత్రమే వరుసగా పేర్చును. కావున సందేహము కలిగినపుడు ఆంగ్లసమాసమును తెలుగు లిపిలో విడదీసి వ్రాసికొనుట మంచి సాధనము.

కీలుకడ ఒకే హల్లు రెండుమార్లు వచ్చిన యెడల ఏమి చేయవలెను? బుక్‌కేస్, పెన్‌నైఫ్, మిడ్‌డే, లాంప్‌పోస్ట్ అను మాటలలో రెండు హల్లులును నిలుచును. నోరు ఒక్కమాఱే మూసికొని, కొంత కాలము నిలిచి, తరువాత విచ్చుకొనును. అక్క, అన్న, అమ్మ యని పుట్టిననాటినుండి ద్విత్వములను పలుకు మనకు ఇది సులభము. కాని ఒక హెచ్చరిక కలదు. కీలులేని ఆంగ్లపదములలో వ్రాతయందు హల్లు జంటగా నున్నను పలుకుబడిలో ఒంటిదే. డినర్, హామర్, రబర్ అని పలుకవలసినచోట మనవారు డిన్నర్, హామ్మర్, రబ్బర్ అందురు. వ్రాతను చూచి ద్విత్వము పలుకవలదు. కీలును చూచి పలుకుడు.

3. ఊనిక యనగా నేమి?

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. ఆంగ్లమున ఒకటికంటె హెచ్చు అక్షరములు గల ప్రతి మాటలోను ఒక యక్షరము తక్కినవానికంటె బలముగా పలుకబడును. ఆ బలమునకు ఊనిక యని పేరు పెట్టుదము. ఊనిక పడిన యక్షరము కొంచెము బిగ్గరగాను, కొంచెము దీర్ఘముగాను వినబడును. స్వరము అచ్చట మెట్టుమాఱును. అందలి అచ్చు స్పష్టముగా నుండును. ఊనిక లేని యక్షరములలో అచ్చు తఱచుగా బలహీనమై, పెదవులును నాలుకయు విశ్రాంతిగొన్నప్పుడు వెలువడు ఒక మందధ్వనిగా మాఱును. ఆ మందధ్వనికి తెలుగు లిపిలో గుఱుతు లేదు. ఆంగ్లలిపిలోను ప్రత్యేకమైన గుఱుతు లేదు. అందుచేతనే వ్రాతను చూచి ఊనికను కనుగొనుట దుర్లభము.

1917లో డేనియల్ జోన్స్ అను ధ్వనిశాస్త్రవేత్త ఆంగ్లోచ్చారణ నిఘంటువును ప్రకటించెను. అట్టి నిఘంటువులలో ఊనికగల యక్షరమునకు ముందు ఒక చిన్న నిలువుగీత యుండును. ఇకమీదట మేమును అట్లే ˈ అను గీతను ఉంచెదము.

మనకు ఊనిక ఏల తట్టదు? మన చెవి గురులఘువులచే శిక్షింపబడినది. దీర్ఘమైన యక్షరమును, సంయుక్తమునకు ముందున్న యక్షరమును, హల్లుతో ముగియు యక్షరమును గురువులు. తక్కినవి లఘువులు. ఇది కాలపరిమాణమే కాని బలము కాదు. మన చెవికి ఇంపైన మఱొకటి ప్రాస. 1966లో ఈ నగరమున మ్రోగిన "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అను నినాదమును తలచుకొనుడు. ఉక్కు, హక్కు అను మాటలలోని "క్కు" అను రెండవ యక్షరము కలియుటచేతనే ఆ నినాదము జనుల నోట నిలిచినది. అచ్చట ఏ యక్షరము బిగ్గరగా పలుకవలెనను ప్రశ్నయే లేదు.

ఇప్పుడు లైట్‌హౌస్ అను మాటను మన త్రాసున తూచిన యెడల లైట్ గురువు, హౌస్ గురువు. రెండును సమానములు. కావున మనము రెంటిని సమానబలముతో పలుకుదుము. ఆంగ్లేయుని త్రాసు వేఱు. హౌస్ ఎంత దీర్ఘమైనను దానికి బలము లేదు. ˈలైట్‌హౌస్ అని మొదటి యక్షరముమీదనే అతని బలమంతయు పడును. సమాసపదములలో రెండవ యవయవము తఱచుగా గురువై కూడ బలహీనమై యుండును. గురువుగా నుండి బలములేని అక్షరము మనకు క్రొత్త. మన విద్యార్థులకు సాధారణపదములకంటె సమాసపదములే కష్టమగుటకు హేతువిదియే.

4. మొదటి నియమము

ఆంగ్ల నామవాచక సమాసములలో పెక్కింటికి ఊనిక మొదటి యవయవముమీద పడును: ˈషిప్‌యార్డ్, ˈబ్రేక్‌వాటర్, ˈస్టీమ్‌షిప్, ˈహార్బర్ మాస్టర్, ˈబ్లాస్ట్ ఫర్నేస్, ˈపిగ్ ఐరన్, ˈక్రేన్ డ్రైవర్, ˈరైల్వే స్టేషన్, ˈపోస్ట్ ఆఫీస్, ˈహై స్కూల్. వ్రాతలో రెండు మాటలు కలిపి వ్రాసినను, విడిగా వ్రాసినను, నడుమ అడ్డగీత పెట్టినను పలుకుబడి మాఱదు.

విశేషణమును నామవాచకమును సమాసము కాక ఊరక ప్రక్కప్రక్కన నిలిచిన యెడల ఊనిక రెండవదానిమీద పడును. ఈ భేదమువలన అర్థభేదము కలుగును. ˈబ్లాక్‌బోర్డ్ అన్నచో ఉపాధ్యాయుడు సుద్దతో వ్రాయు పలక. దానికి ఆకుపచ్చరంగు వేసినను అది బ్లాక్‌బోర్డే. బ్లాక్ ˈబోర్డ్ అన్నచో నల్లగా నున్న యే పలకయైనను కావచ్చును. ˈగ్రీన్‌హౌస్ అన్నచో మొక్కలను పెంచు అద్దపుటిల్లు. గ్రీన్ ˈహౌస్ అన్నచో ఆకుపచ్చని యిల్లు. ˈబ్లూజాకెట్ అన్నచో నౌకాదళపు నావికుడు. బ్లూ ˈజాకెట్ అన్నచో నీలివర్ణపు చొక్కాయి. ˈఇంగ్లీష్ టీచర్ అన్నచో ఆంగ్లమును బోధించువాడు. అతడు అనకాపల్లివాడైనను కావచ్చును. ఇంగ్లీష్ ˈటీచర్ అన్నచో ఇంగ్లండుదేశస్థుడగు ఉపాధ్యాయుడు. అతడు గణితమును బోధించినను బోధింపవచ్చును.

క్రియావాచకములనుండి పుట్టిన మాటలలోను ఈ భేదము కానవచ్చును. ˈఫిషింగ్ బోట్ అనగా చేపలు పట్టుటకైన పడవ. ప్రయోజనమును తెలుపు సమాసము కావున మొదట ఊనిక. సింకింగ్ ˈబోట్ అనగా మునుగుచున్న పడవ. అది సమాసము కాదు, కావున ఊనిక తరువాతిదానిమీద. ˈడ్రింకింగ్ వాటర్ త్రాగుటకైన నీరు. రన్నింగ్ ˈవాటర్ పాఱుచున్న నీరు. కర్మాగారమున తఱచు వినబడు ˈషట్‌డౌన్ అను నామవాచకమునకు మొదట ఊనిక. "మూసివేయుము" అను క్రియగా షట్ ˈడౌన్ అన్నపుడు చివర ఊనిక.

ఇట్టి భేదము తెలుగున లేదా యని విద్యార్థు లడుగవచ్చును. కలదు, కాని దానిని మనము బలముచే గాక రూపముచే తెలుపుదుము. నల్లని బల్ల యన్నచో విశేషణము విశేష్యము. నల్లబల్ల యన్నచో ఒక వస్తువు పేరు. "ని" లోపించుటయే సమాసమునకు గుఱుతు. ఇట్లే రాయి యను మాట సమాసమున రాతియై రాతిగోడ యగును; ఇల్లు ఇంటియై ఇంటిపేరు అగును; ఏఱు ఏటియై ఏటిగట్టు అగును. మన ఔపవిభక్తికములు చేయు పనిని ఆంగ్లమున ఊనిక చేయుచున్నది. ఏటిగట్టునకు మాఱుగా ఏఱుగట్టు అన్నవానిని విని మన మెట్లు తొట్రుపడుదుమో, ఊనిక తప్పిన సమాసమును విని ఆంగ్లేయుడును అట్లే తొట్రుపడును.

మూడు మాటల సమాసములలో ఈ నియమము మఱింత అక్కఱకు వచ్చును. లైట్, హౌస్, కీపర్ అను మూడు మాటలను గైకొనుడు. ˈలైట్‌హౌస్ కీపర్ అన్నచో దీపస్తంభమును కాపాడువాడు. లైట్ ˈహౌస్‌కీపర్ అన్నచో బరువు తక్కువైన గృహనిర్వాహకురాలు. మాటలవియే, వరుస యదియే. ఊనిక ఒక్క మెట్టు జరుగుటచే సముద్రతీరమున రాత్రులు మేల్కొనువాడు కాస్తా వంటయింటి తాళపుచెవులు పట్టిన సన్నని స్త్రీయైపోవును. మూడు మాటలను సమానబలముతో పలికిన యెడల వినువాడు ఈ రెంటిలో దేనిని గ్రహింపవలెను?

5. నియమమునకు లోబడనివి

మొదటి నియమమునకు లోబడనివియు కలవు. వానిని వర్గములుగా నేర్చినచో భారము తగ్గును.

ఒక వస్తువు దేనితో చేయబడినదో తెలుపు మాట ముందున్నపుడు ఊనిక సామాన్యముగా రెండవదానిమీద పడును: స్టీల్ ˈబ్రిడ్జ్, ఐరన్ ˈగేట్, స్టోన్ ˈవాల్, కాటన్ ˈషర్ట్. ఉక్కుతో చేసిన వంతెన స్టీల్ ˈబ్రిడ్జ్; ఉక్కును చేయు కర్మాగారము ˈస్టీల్ ప్లాంట్. మన నగరవాసి ఈ రెంటిని కలిపి జ్ఞాపకముంచుకొనిన చాలును, నియమమంతయు జ్ఞాపకముండును.

వీథుల పేర్లలో ఒక వింత కలదు. స్ట్రీట్ అను మాట చివరనున్న పేర్లకు ఊనిక మొదట పడును; రోడ్ అను మాట చివరనున్నచో రోడ్‌మీదనే పడును. ˈహై స్ట్రీట్ అందురు. కాని బీచ్ ˈరోడ్, మెయిన్ ˈరోడ్ అందురు. పాత నగరములోని టౌన్ ˈహాల్ అను పేరునకును చివరనే ఊనిక. క్రిస్మస్ అను మాటను చూడుడు. ˈక్రిస్మస్ ట్రీ, ˈక్రిస్మస్ కార్డ్ అనుచోట్ల మొదట ఊనిక. క్రిస్మస్ ˈడే, క్రిస్మస్ ˈఈవ్ అనుచోట్ల చివర ఊనిక. దీనికి లోతైన హేతువును వెదకుటకంటె ఆంగ్లప్రజల వాడుక యని గ్రహించుట మేలు.

పాఠశాలలోనే మఱియొక యుదాహరణము దొరకును. ˈస్కూల్‌మాస్టర్ అనుచోట మొదట ఊనిక. బ్రిటిష్‌వారి పలుకుబడిలో హెడ్‌ˈమాస్టర్ అనుచోట మాస్టర్‌మీద ఊనిక. సమాసము విశేషణమైనచో తఱచుగా రెండవ యవయవమునకు బలము వచ్చును: గుడ్-ˈలుకింగ్, ఓల్డ్-ˈఫాషన్డ్. అయినను అదే విశేషణము నామవాచకమునకు ముందు నిలిచినపుడు రెండు బలములు ఢీకొనకుండుటకై ఊనిక వెనుకకు జరిగి మొదటిదానిని చేరును. ఈ జరుగుడు వలన కలుగు చిక్కును ముందు చూతము.

6. ఓడవారి మాటలు

ఊనిక లేని యక్షరము బలహీనమగునని చెప్పితిమి. నూఱేండ్లు, రెండునూఱేండ్లు అనుదినము పలుకబడిన సమాసములలో ఆ బలహీనాక్షరము అరిగి గుఱుతుపట్టరానిదగును. పోస్ట్‌మన్, ఫోర్‌మన్, సీమన్ అను మాటలలో చివరి భాగము మానవుడను అర్థము గల మాటయే; కాని అందలి అచ్చు మందధ్వని యైనది. ఫిషర్‌మన్ అని ఏకవచనము పలికినను బహువచనము పలికినను చెవికి ఒక్కటియే. వ్రాతలో మాత్రమే భేదము. బ్రేక్, ఫాస్ట్ అను మాటలు కలిసి బ్రెక్‌ఫస్ట్ అయినవి. కప్, బోర్డ్ కలిసి కబర్డ్ అయినవి. షీప్, హెర్డ్ అను మాటలనుండి వచ్చిన గొల్లవాని పేరు షెపర్డ్ అయినది. అచ్చట హకారము కూడ జాఱిపోయినది.

ఈ యరుగుదల ఓడలలో అన్నిటికంటె హెచ్చు. గాలిలో కేకవేసి పిలువవలసిన మాటలు పొట్టివి కాక తీఱదు. బోట్, స్వేన్ అను మాటల సమాసము బోసన్ అయినది. కాక్, స్వేన్ కలిసి కాక్సన్ అయినవి. ఓడ అంచునకు పేరైన గన్, వేల్ అను సమాసము గనెల్ అయినది. ఓడ ముందుభాగమునకు పేరైన ఫోర్, కాసిల్ అను సమాసము ఫోక్‌స్ల్ అయినది. వీనిని వ్రాతనుబట్టి పలికిన విద్యార్థిని రేవులో ఎవరును అర్థముచేసికొనలేరు. ఇట్టి మాటలను పుస్తకమునుండి గాక పనివారి నోటనుండియే నేర్వవలెను.

అరుగుదలకు అవధి లేదు. లార్డ్ అను మాట వెనుకటి ఆంగ్లమున రొట్టె, కాపరి అను అర్థములు గల రెండు మాటల సమాసము. ఇప్పుడు ఒక్క యక్షరమైనది. విండో అను మాట గాలి, కన్ను అను అర్థములు గల ఉత్తరదేశపు సమాసము. సమాసములు పుట్టును, అరుగును, తుదకు సమాసములనియే తెలియకుండ పోవును. ఒక్కొక్కప్పుడు తిరుగుప్రయాణమును కలదు. నుదురని అర్థము గల ఫారెడ్ అను మాటను, పాఠశాలలు పెరిగి వ్రాత ప్రబలినకొలది, అనేకులు మరల ఫోర్‌హెడ్ అని పలుకుచున్నారు.

7. ఊనిక తప్పినచో వచ్చు ముప్పు

ఇవి యన్నియు చెవికింపు కొఱకే కదా, ఇంత శ్రద్ధ యేల యని కొందఱనవచ్చును. రేవునగరమున నివసించువా రట్లనరాదు. పదునైదునకు ఆంగ్లమున ఫిఫ్టీన్ అనియు, ఏబదికి ఫిఫ్టీ అనియు పేర్లు. ఈ రెండును పుట్టుకచే సమాసములే. మొదటిదానిలో అయిదును పదియు కలిసినవి. రెండవదానిలో అయిదును, పదుల మొత్తమును తెలుపు ఒక ప్రాతమాటయు కలిసినవి. ఒంటిగా పలికినపుడు ఫిఫ్ˈటీన్ అని చివరను, ˈఫిఫ్టీ అని మొదటను ఊనిక పడును. ఈ ఊనికయే రెంటిని వేఱుచేయు ముఖ్యమైన గుఱుతు. కాని నామవాచకము తరువాత వచ్చినంతనే, పైన చెప్పిన జరుగుడువలన, ˈఫిఫ్టీన్ టన్స్ అని ఊనిక మొదటికి వచ్చును. అప్పుడు రెంటికిని భేదము చివరి నకారము, అచ్చు దీర్ఘము మాత్రమే. యంత్రముల రొదలోనో, తెగితెగి వినబడు వైర్‌లెస్‌లోనో ఆ నకారము మ్రింగబడినచో పదునైదు టన్నులు ఏబది టన్నులగును. క్రేనునకు ఆ భేదము హాస్యము కాదు.

ఈ ముప్పును లోకమంతయు గుర్తించినది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఓడలవారి సంభాషణకొఱకు ప్రామాణికవాక్యములను ఆమోదించెను. వానిప్రకారము సంఖ్యలను అంకెలుగా విడదీసి చెప్పవలెను. 150 అనవలసినచో వన్, ఫైవ్, జీరో అనవలెను. చుక్కాని త్రిప్పుటకు ఇచ్చు ఆజ్ఞలలో మాత్రము ఫిఫ్టీన్, ట్వెంటీ అను మాటలనే వాడవచ్చును. చుక్కాని సాధారణముగా 35 డిగ్రీలకు మించి తిరుగదు. కావున అచ్చట ఫిఫ్టీన్‌ను ఫిఫ్టీ యని పొరబడుటకు తావులేదు. బలము, ధ్వని, అపాయము అను మూటిని తూచి చేసిన నియమమిది. పలుకుబడి శాస్త్రము ప్రాణరక్షణకు పనికివచ్చుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

8. రెండు భాషలకును గౌరవము

ఇంతవఱకు చదివినవారు ఆంగ్లపదములను తెలుగు తీరున పలుకుట అవమానమని తలంపరాదు. ప్రతి భాషయు పరపదమును తన అచ్చున పోసికొనును. 1854లోనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర తెలుగున వాడుకలోనున్న అన్యదేశ్యపదములకు, మిశ్రభాషాపదములకు ప్రత్యేకముగా ఒక నిఘంటువును ప్రకటించెను. చిన్నయసూరి తన బాలవ్యాకరణమున సాంస్కృతికము, ఆచ్ఛికము, మిశ్రము అని సమాసములను మూడుగా విభజించెను. మన రైలుబండి ఆంగ్లపదమును తెలుగుపదమును కలిసిన క్రొత్తరకపు మిశ్రమే కదా! ఆంగ్లేయులు మాత్రము మన పదముల నూరకుండనిచ్చిరా? విశాఖపట్టణమను మన నగరనామమును వారు వైజాగపటామని మార్చి, పిదప వైజాగని కత్తిరించిరి. వారి నోటికి మన మాట ఎట్లో మన నోటికి వారి మాటయు అట్లే. కావున తెలుగు మాటలాడునపుడు స్టీలు, బస్సు, హార్బరు అనుడు, సిగ్గుపడవలదు. ఆంగ్లము మాటలాడునపుడు ఆంగ్లపు కొలతను పాటింపుడు. ఒక యింట చెప్పులు విడిచి, మఱియొక యింట తొడుగుకొని తిరుగువాడు రెండిండ్ల మర్యాదనెఱిగినవాడే కాని కపటి కాడు.

9. అభ్యాసక్రమము

విద్యార్థుల యుపయోగార్థము అభ్యాసక్రమమును సంగ్రహముగా చెప్పెదము. క్రొత్త సమాసము కనబడినపుడు మొదట కీలును గుర్తింపుడు. తరువాత దానిని తెలుగు లిపిలో అక్షరములుగా విడదీసి, చివర ఉకారము చేరకుండ చూచుకొనుడు. పిమ్మట నిఘంటువులో నిలువుగీత యెచ్చటనున్నదో చూచి, ఆ యక్షరముకడ బల్లమీద చేతితో ఒక్క దెబ్బ వేయుచు బిగ్గరగా పలుకుడు. రెండవ యవయవము గురువైనను దెబ్బ వేయవలదు. సమాసమును సమాసము కాని జంటతో జోడించి అభ్యసింపుడు: ˈబ్లాక్‌బోర్డ్, బ్లాక్ ˈబోర్డ్, ˈస్టీల్ ప్లాంట్, స్టీల్ ˈబ్రిడ్జ్. సంఖ్యలు చెప్పునపుడు సందేహమున్నచో ఓడలవారివలె అంకెలను విడదీసి చెప్పుడు. దినమునకు పది మాటల చొప్పున అభ్యసించినచో ఒక్క విద్యాసంవత్సరములో కలుగు భేదమును మీ చెవియే మీకు చెప్పును.

తల్లిదండ్రులకును ఒక మనవి. రేవులోను, ఓడల మరమ్మతుశాలలోను, ఉక్కు కర్మాగారములోను పనిచేయు పెద్దలు ఈ మాటలలో పెక్కింటిని పుస్తకపండితులకంటె చక్కగా పలుకుదురు; ఏలయన వారు వానిని ఓడవారి నోటను, యంత్రముల నడుమను నేర్చిరి. పిల్లల నట్టి మాటలను అడుగనిండు. మీరు పలికి వినిపింపుడు. తప్పు పలికినపుడు నవ్వవలదు. రెండవమాఱు అడుగబడినపుడు నోరు మూసికొనక, కీలును తలచుకొని, ఊనికను సరిచేసికొని, అదే మాటను మరల ధైర్యముగా పలుకగల బాలుడే భాష నేర్చినవాడు.